రెండువందల పద్నాలుగు ఫిర్యాదులు

మా పురపాలక కార్యాలయంలో ఎవరికీ పట్టని పని ఏదైనా వచ్చిందంటే అది అన్ని బల్లలూ తిరిగి చివరికి నా బల్ల మీదే వాలుతుంది. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఒక వంక. అసలు కారణం అది కాదు. వద్దు అనడం నాకు చేతకాదు. ఇంటికెళ్ళి గొణుక్కుంటాను గానీ ఆఫీసులో మాత్రం తలూపుతాను. పదిహేడేళ్ళుగా నోటీసు బోర్డు నాది, జనంతో మాట్లాడే మూడో కిటికీ కూడా నాదే. అందుకే ఆఫీసులో చిన్నవాళ్ళంతా నన్ను బోర్డు బాబాయి అంటారు.

ఆ నెల మొదట్లో పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటరు చేత చేయించే నిర్ణయాలేమిటో, వాటి వెనకున్న అల్గారిథం ఎలా పనిచేస్తుందో ఇకనుంచి జనానికి అర్థమయ్యే మాటల్లో బోర్డు మీద పెట్టాలని దాని సారాంశం. పెట్టిన రోజు నుంచి వారం పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అవి తేలేదాకా నిర్ణయం అమలు చెయ్యకూడదు. అల్గారిథం అన్న మాట చూసి నేను అదేదో దగ్గుమందు అనుకున్నాను. కమిషనరుగారు ఆ కాగితం మూల నా హోదా రాసి, కింద రెండు గీతలు గీసి పంపించారు.

మా ఊళ్ళో కంప్యూటరు చేసిన నిర్ణయం అప్పటికి ఒక్కటే. బస్టాండు చుట్టూ నూట పద్దెనిమిది బడ్డీ కొట్లున్నాయి. వాటిలో ఎవరు ఉండాలో, ఎవరు ఖాళీ చెయ్యాలో మూడేళ్ళకొకసారి తేలుస్తారు. ఇదివరకు ఒక కమిటీ కూర్చుని, గంటలకొద్దీ తగువులాడుకుని ఆ పని చేసేది. ఈసారి కంప్యూటరు ఒక్కో కొట్టుకు వందకు ఇన్నని మార్కులు వేసింది. అరవై వస్తే ఉండొచ్చు, రాకపోతే నెలాఖరుకు పెట్టేబేడా సర్దుకోవాలి. ఉత్తరాలు కూడా వెళ్ళిపోయాయి. బోర్డు సంగతి తీరిగ్గా చూడొచ్చులే అనుకుని నేను ఆ కాగితాన్ని సొరుగులో పెట్టాను. ఆ మధ్యాహ్నమే వదిన చేతిలో ఒక ఉత్తరం చూశాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య దూరపు బస్సుల డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజున కూడా నాలుగు మాటలకు మించి మాట్లాడడు. ఆ లోటు వదిన తీరుస్తుంది. ఆవిడ మా ఇంటికి వచ్చేటప్పటికి నాకు పన్నెండేళ్ళు, అమ్మ లేదు. చిరిగిన నా పుస్తకాల సంచి కుట్టి భుజాన తగిలించి బడికి తరిమింది. నన్ను మనిషిని చేసింది ఆవిడే, ఈ మాట ఎక్కడైనా చెప్తాను. బస్టాండు మలుపులో ఇరవై రెండేళ్ళుగా సంచులూ, గొడుగులూ, ప్రయాణం పెట్టెలూ బాగుచేస్తోంది. ఐదడుగుల కొట్టు. ఒక పక్క కుట్టుమిషను, వెనక గోడకు రంగుల వారీగా వేలాడే జిప్పులు, పాత మందుసీసాల్లో సైజుల వారీగా జిప్పు లాగే రన్నర్లు, మూల కట్టగట్టిన గొడుగు ఊచలు. చుట్టుపక్కల వయసుతో పని లేకుండా అందరికీ ఆవిడ జిప్పుల వదినే. నేను రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళి ఆవిడ ముందున్న స్టూలు మీద కూర్చుని తింటాను.

ఆ రోజు క్యారియరు మూత తియ్యకముందే ఉత్తరం నా ముందు పెట్టింది. మీ మార్కులు యాభై మూడు, అర్హత అరవై, ఈ నెల ముప్పయ్యో తేదీలోగా స్థలం ఖాళీ చేయగలరు. అంతే. ఇది కంప్యూటరు జారీ చేసినది కనుక సంతకం అక్కరలేదని కింద చిన్న అక్షరాలు.

"దేంట్లో తప్పానో చెప్పు," అంది వదిన.

నేను నీళ్ళు నమిలాను. నాకు తెలియదని, అది కంప్యూటరు వేసిందని చెప్పాను.

"ఆ కంప్యూటరు మీ ఆఫీసులోనే కదా ఉంది?"

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఒళ్ళోని బడి సంచిని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. చిరుగు ఎదురుగా కనబడుతున్నా ఆవిడకు దొరకలేదు. వదిన చేతులు అలా తడబడడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో కూర్చుంటే తనకు పిచ్చెక్కుతుందని, యాభై ఆరేళ్ళ వయసులో కొత్త చోట కొత్త మనుషుల్ని ఎక్కడ వెతుక్కుంటానని, నాతో కాదు, సంచితో చెప్పినట్టు చెప్పింది. నాకు అన్నం సహించలేదు. క్యారియరు మూత పెట్టేసి తిన్నగా ఆఫీసుకు వచ్చాను.

మా ఆఫీసులో కంప్యూటరు లెక్కలన్నీ చూసేది పై అంతస్తు చివరి గదిలో ఉండే ఒక అమ్మాయి. మేమంతా లెక్కలమ్మాయి అంటాం. యంత్రాల కోసం ఆ గదిని ఎంత చల్లగా ఉంచుతారంటే, పాపం ఆ పిల్ల ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకుని కూర్చుంటుంది. మార్కులు ఎలా వేస్తారో చెప్పమని అడిగేసరికి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయిందని, ఇంతవరకు ఆ గదికి వచ్చిన వాళ్ళంతా ప్రింటరు బాగుచెయ్యమనే అడిగారని చెప్పింది. కాగితం తీసి గీతలు గీసి చూపించింది. చూసి నేను బిత్తరపోయాను. ఏదో బ్రహ్మవిద్య అనుకుంటే, అది ఏడో తరగతి పిల్లలు చేసే కూడికలు. లైసెన్సు డబ్బు సమయానికి కడితే పదిహేను, శుభ్రతకు పదిహేను, కరెంటు తీగలు సరిగా ఉంటే పదిహేను, కాలిబాట మీదికి రాకుండా ఉంటే పదిహేను. మిగతా నలభై ఫిర్యాదులకు. కొట్టు మీద ప్రతి ఐదు ఫిర్యాదులకు ఒక మార్కు తగ్గిపోతుంది.

వదిన కొట్టు నంబరు చెప్పాను. మీ వాళ్ళదా బాబాయ్ అని అడిగింది. అబద్ధం చెప్పలేదు. పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం ఎవరివైనా చూపించవచ్చు కాబట్టి ఫరవాలేదని, తెరమీద వేసింది. లైసెన్సు పదిహేను, శుభ్రత పద్నాలుగు, తీగలు పదిహేను, కాలిబాట తొమ్మిది. ఫిర్యాదుల దగ్గర సున్నా. హెల్ప్‌లైనుకు ఆ కొట్టు గురించి వచ్చిన ఫిర్యాదులు రెండువందల పద్నాలుగు.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది. ఎందుకంటే ఆ ఫోన్లు చేయించింది నేనే.

మూడు నెలల కిందట, రెన్యూవలు రోజులు దగ్గరపడుతున్నాయని వదినకు ఒక గొప్ప సలహా ఇచ్చాను. నీ దగ్గరికి వచ్చేవాళ్ళ చేత మా హెల్ప్‌లైనుకు ఫోన్ చేయించు, నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమను, అవన్నీ లెక్కలోకి వస్తాయి అన్నాను. ఎవరూ చెప్పలేదు నాకా సంగతి. ఆఫీసులో పనిచేస్తున్నవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. అక్కడితో ఆగానా, అట్టముక్క మీద నా ముత్యాల అక్షరాలతో హెల్ప్‌లైను నంబరు రాసి కొట్టుకు వేలాడగట్టాను కూడా. పనయ్యాక ఎవరైనా మెచ్చుకుంటే వదిన ఆ అట్ట చూపించేది. ఆ మెచ్చుకున్నవాళ్ళే రెండువందల మంది.

కిందికి, ఫోన్ల గదికి పరిగెత్తాను. అక్కడ ముగ్గురుంటారు. మెచ్చుకోవడానికి ఫోన్ చేస్తే దేని కింద రాసుకుంటారని అడిగాను. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. తెర మీద ఫిర్యాదు నంబరు పుట్టించకపోతే ఫోను పెట్టెయ్యడానికి వీల్లేదట. అందుకని ఏ ఫోను వచ్చినా ఒక నంబరు పుట్టించి 'ఇతరములు' కింద వేసేస్తారట. మొన్న ఒకాయన పొరపాటున ఇక్కడికి ఫోన్ చేసి వాళ్ళ బావమరిదిని పిలవమంటే ఆయనకూ నంబరు ఇచ్చామని వాళ్ళలో పెద్దావిడ దిగులుగా చెప్పింది. అలా వేసినవాటిని బట్టి మార్కులు పోతున్నాయని వాళ్ళకు తెలియదు. ఫిర్యాదులని పేరున్న వరుసలో పొగడ్తలున్నాయని లెక్కలమ్మాయికి తెలియదు. ఈ రెండు గదుల మధ్య ఉన్నది ఇరవై మెట్లు. ఏడాదిన్నరలో ఇటువాళ్ళు అటు ఎక్కలేదు, అటువాళ్ళు ఇటు దిగలేదు.

మళ్ళీ పైకెక్కి ఆ మాట చెప్పాను. లెక్కలమ్మాయి శాలువా తీసి కుర్చీ మీద పడేసి, తల పట్టుకుంది. అయితే కమిషనరుగారి సంతకం లేకుండా తాను లెక్క మార్చడానికి లేదంది. ఆయనేమో జనం అభ్యంతరాలు చెప్తే తప్ప మార్చరు. జనం అభ్యంతరం చెప్పాలంటే వాళ్ళకు తెలియాలి. తెలియాలంటే నేను బోర్డు రాయాలి. సొరుగులో పెట్టిన కాగితం అప్పుడు బయటికి తీశాను.

ఆ సాయంత్రమంతా కూర్చుని ఒక ప్రతి తయారుచేశాను. నా మట్టుకు నాకు అద్భుతంగా వచ్చిందనిపించింది. మర్నాడు మధ్యాహ్నం వదినకిచ్చి గర్వంగా కూర్చున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని పైకి చదివింది. 'బహిరంగ స్థలముల వినియోగ హక్కు పునరుద్ధరణ నిమిత్తము బహుళ ప్రమాణముల ప్రాతిపదికన యాంత్రిక మదింపు ప్రక్రియ చేపట్టబడినది.' చదివి నా వంక చూసింది.

"ఇది ఎవరికి రాశావు? నాకా, నీ ప్రమోషనుకా?"

నాకు కోపం వచ్చింది. పదిహేడేళ్ళు బోర్డు రాసినవాణ్ణి, నా తెలుగుకు వంక పెడతావా అన్నాను. బాగానే ఉంది, కానీ అంటే ఏమిటి అంది. చెప్పాను. ఆ చెప్పిందే రాయమంది. కాగితం చింపేసి, ఆ స్టూలు మీదే కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. ఒక వాక్యం రాస్తాను, ఆవిడ మిషను తొక్కుతూనే 'అంటే?' అంటుంది. మారుస్తాను, మళ్ళీ 'అంటే?' అంటుంది. నా సహనం నశించి కలం విసిరికొట్టబోయి, అది ఆఫీసు కలమని గుర్తొచ్చి ఆగాను. గంటన్నరకు ఆవిడ 'అంటే?' అనడం మానేసింది. అప్పుడు చివరి వాక్యం దగ్గరికి వచ్చాం.

ఆ వాక్యం రాయాలని నాకు లేదు. అయినా రాశాను. 'మీ కొట్టు పేరు చెప్పి మా హెల్ప్‌లైనుకు ఎవరు ఫోన్ చేసినా, మెచ్చుకోవడానికి చేసినా సరే, అది ఫిర్యాదు కిందే లెక్క పడుతోంది. అలాంటివి ఐదు వస్తే ఒక మార్కు పోతోంది.' వదిన మిషను ఆపి చదివింది. తలెత్తి నేను వేలాడగట్టిన అట్ట చూసింది. తరువాత నన్ను చూసింది.

నేను తల దించుకుని తిట్ల కోసం సిద్ధంగా కూర్చున్నాను. ఏమీ వినబడకపోయేసరికి తలెత్తి చూస్తే, ఆవిడ నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, ఒళ్ళోని సంచి జారిపోయేలా, కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. గొడుగు తీసుకోవడానికి వచ్చిన మనిషి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"తిట్టు వదినా. నీ కొట్టు పోయేలా చేసింది నేనే," అన్నాను.

కళ్ళు తుడుచుకుంది. "తిట్టడానికేముంది. మంచే చేద్దామనుకున్నావు. కాకపోతే తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పావు చూడు, అది మానుకో."

అట్ట తీసి పక్కన పెట్టేసింది. నాకు ధైర్యం వచ్చి, మనసులో మెదులుతున్న మాట కూడా బయటపెట్టాను. లెక్కలమ్మాయి మంచిది, ఈ ఒక్క కొట్టు వరకు ఎలాగోలా సరిచెయ్యమని అడిగి చూస్తానన్నాను. వదిన నవ్వు ఆగిపోయింది.

"నా ఒక్కదానికి కలిపించావంటే ఇక నీతో మాట్లాడను. ఈ వరసలో ఇంకెంతమందికి ఇలా పోయాయో అది చూడు. ఈ కాగితం ఇలాగే, ఒక్క ముక్క మార్చకుండా బోర్డు మీద పెట్టు."

ఒక్క ముక్క మార్చకుండా పెట్టడం అంత తేలిగ్గా అయ్యే పని కాదు. బోర్డు మీదికి ఏది ఎక్కాలన్నా కమిషనరుగారు చూడాలి. ఆయన చెడ్డవారు కాదు, జాగ్రత్తపరులు. కాగితం మొదటినుంచి మెచ్చుకుంటూ చదివి, చివరి వాక్యం దగ్గర ఎర్ర కలం తీశారు. దాన్ని కొట్టేసి 'ప్రజాభిప్రాయం కూడా పరిగణనలోకి తీసుకోబడుతుంది' అని రాశారు. ఉత్తరాలు వెళ్ళిపోయాక ఇలాంటివి బయటపెడితే ఊరంతా నవ్వుతుందన్నారు.

అలవాటు కొద్దీ నా తల ఊగడం మొదలైంది. సగం ఊగాక వదిన చేతుల్లో తడబడిన ఆ సంచి గుర్తుకొచ్చింది. తల ఆపేశాను.

"అలా రాస్తే అబద్ధం అవుతుంది సార్," అన్నాను.

నోరు తెరిచాక ఇక మూసుకోలేదు. ఖాళీ చెయ్యమన్న కొట్లలో మా వదినది ఒకటని, ఆ సంగతి దాచనని, నేను రాస్తే పక్షపాతం అనుకుంటే బోర్డు పని ఇంకొకరికి ఇవ్వమని, ఆ వాక్యం మాత్రం ఉంచమని గడగడా చెప్పేశాను. లెక్కలమ్మాయి ప్రింటు తీసిచ్చిన జాబితా నా చేతిలోనే ఉంది. దాన్లోంచి చదివాను.

"ఫిర్యాదు నలభై ఒకటి. పాప బడి సంచి పది నిమిషాల్లో కుట్టి ఇచ్చారు, చాలా సంతోషం. ఫిర్యాదు డెబ్భై ఆరు. ఆవిడ లేకపోతే మా ఆయన గొడుగు ఈపాటికి చెత్తబుట్టలో ఉండేది. ఫిర్యాదు నూట రెండు. ఈ పెట్టె ఇక బాగవదు, కొత్తది కొనుక్కోమని ఉన్నమాట చెప్పారు, ఇలాంటివాళ్ళు ఇంకా ఉండాలి."

గుమ్మం దగ్గర బంట్రోతు కిసుక్కున నవ్వి దగ్గినట్టు నటించాడు. కమిషనరుగారి మూతి కూడా వంకర తిరిగింది. కాగితాలు నా చేతిలోంచి తీసుకుని తానే చదువుకోసాగారు. మూడో పేజీలో ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఫిర్యాదు నూట యాభై ఎనిమిది," అని నెమ్మదిగా చదివారు. "మీటింగుకు ఐదు నిమిషాల ముందు నా ఆఫీసు బ్యాగు జిప్పు సరిచేసిన ఆవిడకు అభినందనలు. ప్రస్తుత స్థితి, విచారణలో ఉంది." కాగితం బల్ల మీద పెట్టారు. "ఇది నేను చేసిన ఫోనే. హెల్ప్‌లైను పనిచేస్తోందో లేదో చూద్దామని కూడా చేశాను."

మీ ఫిర్యాదు అందింది అని తన సెల్లుకు మెసేజి కూడా వచ్చిందని, ఏదో మొక్కుబడికి పంపేదేలే అనుకున్నానని ఆయనే అన్నారు. తరువాత ఎర్ర కలం తీసి తాను రాసిన వాక్యాన్ని తానే కొట్టేశారు. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నారు. నూట పద్దెనిమిది కొట్లకూ ఏ పద్దు కింద ఎన్ని మార్కులు వచ్చాయో విడివిడిగా రాయమని కూడా అన్నారు. బయటికి వచ్చాక బంట్రోతు నా భుజం తట్టి, ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావని అడిగాడు.

అదంతా రాయడానికి రెండు రోజులు పట్టింది. ఒక బోర్డు చాలక గోడకు కూడా అంటించాను. ఉదయం ఆఫీసు తలుపులు తెరిచేసరికి కొట్లవాళ్ళంతా గుంపు కట్టి ఉన్నారు. నిజం చెప్పాలంటే, బోర్డు విరగ్గొడతారని భయపడ్డాను. వాళ్ళు నా వైపు కూడా చూడలేదు. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. మార్కులు ఒకరివి ఒకరు చూసుకుని, పరీక్ష ఫలితాలు వచ్చిన పిల్లల్లా వేళాకోళాలు ఆడుకున్నారు. టీ కొట్టాయనకు పద్దెనిమిది మార్కులు పోయాయి. రోజూ పొద్దున్నే మా ఆఫీసులోవాళ్ళే హెల్ప్‌లైను గదికి ఫోన్ చేసి, టీ కొట్టు తెరిచాడేమో కిటికీలోంచి చూసి చెప్పమని అడుగుతుంటారు. ఆ ఫోన్లన్నీ ఆయన మీద పడ్డాయి.

ఊరి మొత్తానికి మొదటి స్థానం ఎవరిదో చూశాక మాత్రం గోల ఆకాశాన్నంటింది. తొంభై నాలుగు మార్కులు తాళాలు బాగుచేసే ఆయన కొట్టుకు వచ్చాయి. ఆయన రెండేళ్ళ కిందటే కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. లైసెన్సు మాత్రం అక్కణ్ణుంచే ఏటా సెల్లులో కట్టేస్తాడు. తాళాలాయన కొట్టుకు తాళం తుప్పుపట్టి ఉంది. తెరవని కొట్టు మురికి కాదు, కాలిబాట మీదికి రాదు, దాని గురించి ఎవరూ ఫోన్ చెయ్యరు. మంచి మార్కులు కావాలంటే కొట్టు మూసుకుంటే చాలన్నమాట అని ఎవరో అంటే, కమిషనరుగారి గది కిటికీలోంచి కూడా నవ్వు వినబడింది.

లెక్కలమ్మాయి కిందికి దిగివచ్చి మెట్ల మీద కూర్చుంది. అడిగినవాళ్ళకల్లా ఓపిగ్గా చెప్పింది. అరవై మూడో వరసలో నా కూడిక తప్పని ఒకాయన పట్టుకున్నాడు. నిజంగానే తప్పు. అందరిముందూ దిద్ది పక్కన పొట్టి సంతకం పెట్టాను. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క అభ్యంతరాలు వచ్చాయి. సాయంత్రం ఆ అమ్మాయి బస్టాండు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. నూట పద్దెనిమిది కొట్లకు మార్కులు వేశాను గానీ వాటిని కళ్ళతో చూడడం ఇదే మొదటిసారి బాబాయ్ అంది.

వారం తరువాత లెక్క మారింది. ఎవరైనా వెళ్ళి చూసి నిజమేనని తేల్చిన ఫిర్యాదులే లెక్కలోకి వస్తాయి. మూసేసిన కొట్టుకు అసలు మార్కులే వెయ్యరు. ఫోన్ల గదిలో తెర మీద ఫిర్యాదు పక్కన మెచ్చుకోలు అని ఇంకో మీట వచ్చింది. ఖాళీ చెయ్యమన్న ఇరవై మూడు మందిలో పంతొమ్మిది మంది ఉండిపోయారు. నలుగురికి మాత్రం అప్పటికీ అరవై రాలేదు. వాళ్ళకు సంతోషమేమీ లేదు, కానీ ఎందుకు పోయిందో వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒకాయన తీగలు మార్పించుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నాడు.

కొత్త ఉత్తరాలు నేనే రాశాను. ఏ పద్దుకు ఎన్ని మార్కులో వేసి, కింద 'అర్థం కాకపోతే మూడో కిటికీ దగ్గరికి రండి, చెప్పడం మా పని' అని చేర్చాను. వదినకు తొంభై మూడు వచ్చాయి. రెండువందల పద్నాలుగు ఫోన్లలో నిజమైన ఫిర్యాదులు మూడే తేలాయి, మూడుకు మార్కు పోదు. ఆవిడ ఉత్తరం నేను చేతికి తీసుకెళ్ళి ఇవ్వబోతే ఊరుకోలేదు, అందరికీ వచ్చినట్టే పోస్టులో రానిమ్మంది. వచ్చిన రోజున మిషను ఆపి, పైకి చదివి, మడిచి జాకెట్టులో దోపుకుని, ఎదురుచూస్తున్న మనిషి సంచి తీసుకుంది. ఈసారి చిరుగు చూడకుండానే చేతికి తగిలింది. నేను క్యారియరు మొత్తం ఖాళీ చేశాను.

మర్నాడు ఉదయం చూస్తే మూడో కిటికీ ముందు వరసలో ఐదో మనిషి వదిన. లోపలికి రమ్మని సైగ చేశాను. చూడనట్టు తల తిప్పుకుంది. తన వంతు వచ్చాక ఉత్తరం గట్టు మీద పరిచింది.

"కాలిబాట కింద పదిహేనుకు తొమ్మిదే వేశారు. ఆరు ఎందుకు పోయాయి?"

కొట్టు ఉండిపోయింది కదా వదినా, ఇప్పుడవెందుకని అన్నాను. ఉండమన్నందుకు సంతోషమేనని, కానీ అర్థం కాకపోతే రమ్మని నేనే రాశానని, తనకు అది అర్థం కాలేదని అంది. వెనకున్నవాళ్ళు మెడలు సాచి వింటున్నారు. ఫైలు తీశాను. కొట్టు ముందు ఎండకూ వానకూ వేసిన రేకు కాలిబాట మీదికి అడుగున్నర వచ్చింది. పావు అడుగుకొక మార్కు చొప్పున ఆరు. ఇన్స్పెక్టరు కొలిచిన తేదీ, తీసిన ఫొటో చూపించాను. వదిన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నిజమే. వానలో గొడుగు బాగుచేయించుకోవడానికి వచ్చి తడిసిపోతున్నారని నేనే ముందుకు జరిపించాను."

రేకు కోయించి ఒక కాగితం పెడితే మళ్ళీ కొలుస్తారని, ఆరు మార్కులూ వచ్చేస్తాయని చెప్పాను.

"కోయించను. తొంభై మూడు చాలు. జనం తడవకూడదు," అంది. తరువాత, "ఈ మాట కూడా ఎక్కడైనా రాసుకుంటారా?" అని అడిగింది.

రాసుకుంటామన్నాను. ఫైల్లో తేదీ వేసి, ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాసి, తిప్పి చూపించాను. చదివి సంతకం పెట్టింది.

"ఇదివరకు ఈ కిటికీకి మూడుసార్లు వచ్చాను," అంది, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంటూ. "మూడుసార్లూ 'పైనుంచి అలా వచ్చింది వదినా' అని పంపించేశావు."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను కుదిపేసింది. పదిహేడేళ్ళలో ఈ కిటికీ దగ్గరికి ఎంతమంది వచ్చి ఆ మాటే విని వెళ్ళిపోయారో అప్పుడు తట్టింది. వాళ్ళకు కారణం ఏమిటో కనుక్కుందామని ఒక్కసారైనా ఇరవై మెట్లు ఎక్కలేదు నేను. సిగ్గేసింది.

"తప్పయింది వదినా," అన్నాను.

"నాకు చెప్పేశావుగా. వెనక ఆరుగురున్నారు, వాళ్ళకు చెప్పు," అని ఉత్తరం మడుచుకుని పక్కకు జరిగింది.

ఆరుగురి చేతుల్లోనూ ఉత్తరాలున్నాయి. నేను కళ్ళు తుడుచుకుని, ఫైలు దగ్గరకు లాక్కుని, ముందున్న ఆయన్ని రమ్మన్నాను.